‘ఈ సైకిలు పోతే ఏం పోతుంది?’ - చలనచిత్రాల్లో, నగర సంస్కృతిలో సైకిలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

నగరాల్లో సైకిలు తిరిగి ఆదరణ పొందుతోంది. సైకిలు ప్రధాన వస్తువుగా గల చలనచిత్రాల ప్రదర్శనలు, ప్రత్యేక సైకిలు మార్గాలు, కొత్త తరహా దుకాణాలు ఈ ఆదరణకు పైకి కనిపించే గుర్తులు. అయితే ఈ సంస్కృతి ఇష్టంతో తొక్కే సైకిలును ముందుకు తెచ్చి, అవసరంతో తొక్కే సైకిలును వెనక్కు నెడుతోందా అన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న. ‘బైసికిల్ థీవ్స్’, ‘బ్రేకింగ్ అవే’, ‘జో జీతా వహీ సికందర్’, ‘తమ్ముడు’, ‘వాజ్దా’ అనే అయిదు చిత్రాలను ‘ఈ సైకిలు పోతే ఏం పోతుంది?’ అనే ఒకే ప్రశ్నతో పరిశీలించి, అదే ప్రశ్నను నేటి హైదరాబాదు సైకిలు సంస్కృతికి అన్వయించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: సైకిలు, చలనచిత్ర విమర్శ, నియోరియలిజం, వర్గం, అనుసరణ, స్త్రీల చలనస్వేచ్ఛ, నగర సంస్కృతి.

1. ఉపోద్ఘాతం

సైకిలు చుట్టూ అల్లిన చిత్రాలను ఒకచోట చేర్చి ప్రదర్శించడం ప్రపంచ నగరాలకు కొత్త కాదు. న్యూయార్కులో 2001లో బ్రెంట్ బార్బర్ ప్రారంభించిన ‘బైసికిల్ ఫిల్మ్ ఫెస్టివల్’ ఆ తర్వాత అనేక దేశాల నగరాలకు విస్తరించింది. సైకిలు తొక్కుతుండగా బస్సు ఢీకొనడం, ఆ అనుభవాన్ని ఆయన ఉత్సవంగా మలచుకోవడం దాని పుట్టుక వెనుక ఉన్న కథ. మన నగరాల్లోనూ సైకిలు బృందాలు, ఆదివారపు సామూహిక యాత్రలు, ఖరీదైన సైకిళ్ళు అమ్మే దుకాణాలు ఇప్పుడు పరిచిత దృశ్యాలే. ఇటువంటి సంస్కృతి ఉన్నచోట సైకిలు చిత్రాల జాబితా కూడా తయారవుతుంది. ఆ జాబితాలో మొదటి పేరు దాదాపు ఎప్పుడూ ‘బైసికిల్ థీవ్స్’దే.

ఆ చిత్రాన్ని తరగతిలో చూపించినప్పుడు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి ప్రేరణ. “సార్, పోతే పోయింది, వాయిదాల మీద ఇంకొకటి తీసుకోవచ్చు కదా?” అన్నాడతను. తరగతి నవ్వింది. కాని ఆ ప్రశ్న నవ్వవలసింది కాదు. సైకిలు పోవడం ఒక కుటుంబం కూలిపోవడంతో సమానమైన కాలం ఆ విద్యార్థికి తెలియదు. అది గతించిన కాలం మాత్రమే కాదు, అతడు రోజూ దాటివెళ్ళే దారుల్లోనే ఇంకా నడుస్తున్న కాలమన్న సంగతీ అతనికి తెలియదు. సైకిలు చిత్రాలను చూసి ఆనందించే ప్రేక్షకులందరి స్థితీ కొంతవరకు ఇదే.

అందుచేత ఈ పరిశీలనకు ఒక సరళమైన ప్రమాణాన్ని స్వీకరిస్తున్నాను. ఒక కథలో సైకిలుకు ఉన్న విలువ దాన్ని ఎంత అందంగా చిత్రించారన్న దానిమీద ఆధారపడదు. అది పోతే ఆ పాత్ర జీవితంలో ఏం పోతుందన్న దానిమీదే ఆధారపడుతుంది.

2. రోము వీధుల్లో రెండు సైకిళ్ళు

విట్టోరియో డి సికా ‘బైసికిల్ థీవ్స్’ 1948లో వచ్చింది. ఆంటోనియోకు దొరికిన ఉద్యోగం గోడలకు పోస్టర్లు అంటించడం. సైకిలు ఉంటేనే ఆ ఉద్యోగం. ఉన్న సైకిలు తాకట్టులో ఉంది. అతని భార్య మరియా మంచం మీది దుప్పట్లు తీసి, వాటిని తాకట్టు పెట్టి సైకిలును విడిపిస్తుంది. తాకట్టు దుకాణంలో కప్పుదాకా పేర్చిన పరుపు దుప్పట్ల మూటలను కెమెరా చూపిస్తుంది. ఆ ఊరిలో ఎన్ని ఇళ్ళ పడకలు అక్కడికి చేరాయో లెక్క చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. ఈ సైకిలు పోతే ఏం పోతుందన్న ప్రశ్నకు జవాబు దొంగతనం జరగకముందే మన ముందుంది: ఉద్యోగం పోతుంది, ఇంటి పడక పోతుంది, కొడుకు దృష్టిలో తండ్రికి ఉన్న స్థానం పోతుంది.

ఉద్యోగంలో చేరే ఉదయం బ్రూనో అనే ఆ పిల్లవాడు సైకిలును తుడుస్తూ కొత్తగా పడిన సొట్టను గమనించి, తాకట్టువాళ్ళ నిర్లక్ష్యం మీద విసుక్కుంటాడు. ఒక వస్తువుతో మనిషికి ఉండే పరిచయాన్ని ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన దృశ్యం ఠాణాలో ఉంది. విషయమేమిటని అడిగినవారికి పోలీసు అధికారి ఏమీ లేదు, ఒక సైకిలు అన్న ధోరణిలో బదులిస్తాడు. ఒకరికి సర్వస్వమైనది వ్యవస్థకు ‘ఏమీ లేదు’.

చిత్రంలోని సైకిలు బజారు ఘట్టం ప్రస్తుత చర్చకు మరింత ముఖ్యం. పియాజ్జా విట్టోరియోలో సైకిళ్ళు విడిభాగాలుగా అమ్ముడవుతుంటాయి. ఒకచోట ఫ్రేములు, ఒకచోట చక్రాలు, ఇంకొకచోట గంటలు, పంపులు. వెతకడానికి వచ్చినవాళ్ళు కూడా భాగాల వారీగా పనిని పంచుకుంటారు. ఒకడు ఫ్రేముకు రంగు వేస్తుంటే ఆంటోనియో అనుమానించి, పోలీసును పిలిచి, దాని మీది సంఖ్యను సరిచూస్తాడు. అది తనది కాదు. సైకిలు బజారులో భాగాలుగా విడిపోయాక దాని వెనుక ఉన్న మనిషి ఆనవాలు మాసిపోతుందని ఈ దృశ్యం సూచిస్తుంది.

ముగింపుకు ముందు తండ్రీకొడుకులు స్టేడియం బయట కాలిబాట అంచున కూర్చుని ఉంటారు. లోపల ఫుట్‌బాల్ ఆట. బయట ప్రేక్షకుల సైకిళ్ళు వరుసలు తీరి ఉన్నాయి. అంతలో పందెపు సైకిళ్ళవాళ్ళు గుంపుగా వాళ్ళ ముందునుంచి దూసుకుపోతారు. క్షణకాలపు దృశ్యమది. బ్రతుకు కోసం సైకిలు కావలసినవాడు కూర్చుని ఉన్నాడు, ఆట కోసం సైకిలు ఉన్నవాళ్ళు సాగిపోతున్నారు. డి సికా పందెగాళ్ళను నిందించలేదు. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. వాళ్ళు అతన్ని చూడలేదు, అంతే. సైకిలు సంస్కృతిని గురించి ఆలోచించేవారు పదేపదే చూడవలసిన దృశ్యం ఇదని నా అభిప్రాయం. ఇష్టపు సైకిలు, అవసరపు సైకిలు ఒకే వీధిలో, ఒకదాన్నొకటి గుర్తించకుండా ఎదురుపడిన సందర్భమిది.

ఈ చిత్రానికి భారతీయ చలనచిత్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో దీన్ని చూశారు. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఇది ప్రదర్శితమైంది. ఆ ఉత్సవం బొంబాయి, కలకత్తా, ఢిల్లీలతోపాటు, అప్పటి తెలుగు చిత్ర పరిశ్రమకు కేంద్రమైన మద్రాసులోనూ జరిగింది.

3. పందెంలో దాగిన వర్గం: బ్లూమింగ్టన్ నుంచి డెహ్రాడూన్‌కు

ఆట కోసం తొక్కే సైకిలుకు సామాజిక అర్థం ఉండదని దీనివల్ల తేల్చరాదు. పీటర్ యేట్స్ దర్శకత్వం వహించిన ‘బ్రేకింగ్ అవే’ (1979) అందుకు నిదర్శనం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్టన్ ఒక విశ్వవిద్యాలయ పట్టణం, సున్నపురాయి గనుల ఊరు కూడా. అక్కడ 1951 నుంచి జరుగుతున్న ‘లిటిల్ 500’ అనే సైకిలు పందెం ఈ కథకు ఆధారం. నలుగురేసి సభ్యుల జట్లు వంతులవారీగా తొక్కుతూ 200 చుట్లు, అంటే 50 మైళ్ళు పూర్తిచేయాలి.

కథానాయకుడు డేవ్ రాయి కొట్టేవారి ఇంటి బిడ్డ. అతని తండ్రి ఒకప్పుడు విశ్వవిద్యాలయ భవనాలకు రాయి కొట్టినవాడు. ఒక రాత్రి ఆ ఆవరణలో నడుస్తూ, రాయి కొట్టినంతకాలం గర్వంగా ఉండేదని, కట్టడాలు లేచాక మాత్రం అవి తమవంటివారికి తగనివిగా తోచాయని కొడుకుతో చెబుతాడు. డేవ్ సైకిలు మోజు ఈ నేపథ్యం నుంచి పారిపోవడానికి వెతుక్కున్న మార్గం. ఇటాలియన్ పందెగాళ్ళను ఆరాధిస్తూ, వాళ్ళ భాష పలుకుతూ, తానెవరో మరచిపోవాలని చూస్తాడు. చివరకు అదే ఇటాలియన్ జట్టు పందెంలో అతని చక్రంలో పంపు దూర్చి పడగొడుతుంది. ఆ తర్వాత అతడు తన ఊరి మిత్రులతో కలిసి, గేలి చేయడానికి వాడే ‘కట్టర్స్’ అన్న పేరునే జట్టు పేరుగా పెట్టుకొని ‘లిటిల్ 500’లో దిగుతాడు. ఇక్కడ పందెం పోతే ఒక వర్గానికి ఆత్మగౌరవం పోతుంది.

మన్సూర్ ఖాన్ ‘జో జీతా వహీ సికందర్’ (1992)కూ ఈ చిత్రానికీ ఉన్న పోలికను విమర్శకులు తరచుగా ప్రస్తావిస్తారు. డెహ్రాడూన్ నేపథ్యంగా, ధనికుల బిడ్డలు చదివే రాజ్‌పుత్ కళాశాలకూ స్థానికులు చదివే మోడల్ కళాశాలకూ నడుమ జరిగే సైకిలు పందెం ఇందులోని ప్రధాన సంఘర్షణ. చిన్న హోటలు నడిపే తండ్రి, గాయపడిన అన్న, బాధ్యతలేని తమ్ముడు అనే కుటుంబ చట్రంలోకి వర్గ సంఘర్షణను ఒదిగించడం ఈ చిత్రం చేసిన మార్పు. ఇండియానా గనుల చరిత్ర స్థానంలో భారతీయ కుటుంబ బాధ్యత వచ్చింది. అయినా సైకిలు మాత్రం అలాగే ఉంది. యంత్రశక్తి తోడులేని వాహనం మీద ధనికుడి కాళ్ళూ పేదవాడి కాళ్ళూ ఒకటేనన్న నమ్మకం రెండు కథలకూ ప్రాణం.

4. తెలుగులో తప్పుకున్న సైకిలు

ఈ కథా పరంపర తెలుగుకు వచ్చేసరికి ఒక ఆసక్తికరమైన మార్పు జరిగింది. పి.ఎ. అరుణ్ ప్రసాద్ దర్శకత్వంలో పవన్ కల్యాణ్ నటించిన ‘తమ్ముడు’ (1999) హిందీ చిత్రపు కథా చట్రాన్ని చాలావరకు అనుసరించింది. హోటలు నడిపే తండ్రి ఉన్నాడు, గాయపడిన అన్న ఉన్నాడు, మారిన తమ్ముడు ఉన్నాడు, కళాశాలల నడుమ పోటీ ఉంది. లేనిది సైకిలు. దాని స్థానంలో కిక్‌బాక్సింగ్ వచ్చింది. ఈ చిత్రాన్ని తమిళంలో ‘బద్రి’ (2001)గా, కన్నడంలో ‘యువరాజ’ (2001)గా పునర్నిర్మించినప్పుడు కూడా సైకిలు తిరిగి రాలేదు.

దీన్ని కేవలం వాణిజ్య నిర్ణయంగా కొట్టిపారేయడం విమర్శకు తగదు. మార్పు వల్ల అర్థంలో ఏం జరిగిందో చూడాలి. సైకిలు పందెంలో నాయకుడి దేహం ఒక వాహనంతో కలిసి పనిచేస్తుంది. అలసట, ఎగశ్వాస, ఎత్తుపల్లాలు, జారిపోయే చైను అన్నీ అతని గెలుపులో భాగస్వాములు. ఓటమికి ఎప్పుడూ అవకాశం ఉంటుంది. ‘తమ్ముడు’లో ప్రేక్షకులకు చిరకాలం గుర్తుండిపోయినది శిక్షణ గీతం. అందులో నాయకుడి చేతి మీదుగా కారు నడిచిపోతుంది. వాహనాన్ని నడిపే దేహం నుంచి, వాహనం తన మీదుగా నడిచినా చెక్కుచెదరని దేహానికి కథ ప్రయాణించిందన్నమాట. తారాప్రధానమైన చిత్రానికి రెండవ దేహమే కావాలి. మొదటిది సామాన్యుడిది.

ఈ మార్పులో వర్గ ప్రశ్న కూడా పలచబడింది. అందరికీ అందుబాటులో ఉన్న వస్తువు మీద ఎక్కి ధనికుణ్ణి ఓడించడం ఒక వాదన. అసాధారణమైన దేహబలంతో ప్రత్యర్థిని పడగొట్టడం వేరొక వాదన. మొదటిది సమానత్వాన్ని గురించి మాట్లాడుతుంది, రెండవది మహాపురుషుణ్ణి గురించి. తెలుగు రాజకీయ రంగంలో 1980ల నుంచి సైకిలు ఒక పార్టీ ఎన్నికల గుర్తుగా సామాన్యుడి ప్రతీక స్థానాన్ని అందుకొంది. అదే సైకిలు మన జనప్రియ చిత్రాల్లో నాయకుడి విజయానికి వాహనం కావడం అరుదు. అది ఎక్కువగా బాల్యానికీ, పల్లె ప్రేమకూ, హాస్యానికీ, నిరుపేద తండ్రికీ గుర్తుగా మిగిలింది. నాయకుడు ఎదిగిన క్షణాన సైకిలు దిగి మోటారు సైకిలు ఎక్కుతాడు. కథలో ఎదగడమంటే సైకిలును విడిచిపెట్టడమే అయినచోట, సైకిలు పోతే ఏం పోతుందన్న ప్రశ్నకే తావు లేదు.

5. అనుమతి దేనికి? - ‘వాజ్దా’

హైఫా అల్ మన్సూర్ ‘వాజ్దా’ (2012) పూర్తిగా సౌదీ అరేబియాలో చిత్రీకరించిన తొలి కథాచిత్రంగా ప్రసిద్ధి పొందింది. పరపురుషులతో వీధిలో కలిసి పనిచేయడానికి వీలులేని చోట్ల దర్శకురాలు వ్యానులో కూర్చుని చిత్రీకరణ నడిపారు. కథ ఒక దుకాణం చుట్టూ తిరుగుతుంది. 800 రియాళ్ళ ఆకుపచ్చ సైకిలు కోసం వాజ్దా అనే పాఠశాల బాలిక డబ్బు కూడబెడుతుంది, ఖురాన్ పఠన పోటీలో చేరుతుంది, గెలుస్తుంది. బహుమతి డబ్బుతో సైకిలు కొంటానని చెప్పినందుకు ఆ డబ్బు ఆమెకు దక్కకుండా పోతుంది. చివరికి తల్లే కొనిస్తుంది.

పైకి ఇది ఒక చిన్నపిల్ల సరదా కథ. పొరుగింటి అబ్బాయితో పందెం వేయాలన్నదే ఆమె కోరిక. కాని అదే ఇంట్లో ఇంకొక ప్రయాణం ఉంది. తల్లి ఉద్యోగానికి వెళ్ళాలంటే డ్రైవరు దయ మీద ఆధారపడాలి. అతడు అలిగితే ఆమె జీవనాధారమే ఊగిసలాడుతుంది. కూతురి ఇష్టపు సైకిలు వెనుక తల్లి అవసరపు ప్రయాణాన్ని నిలపడంలో ఈ చిత్రపు లోతు ఉంది.

2013లో సౌదీ మతపోలీసులు స్త్రీలు సైకిలు తొక్కడానికి షరతులతో అనుమతించినట్లు వార్తలు వచ్చాయి. ఉద్యానవనాల వంటి విహార స్థలాల్లో, వినోదం కోసం తొక్కవచ్చు గాని, రాకపోకల కోసం కాదన్నది వాటిలో ఒక షరతు. వినోదానికి భయపడని వ్యవస్థ ప్రయాణానికి భయపడింది. స్త్రీ తిరిగి రావడం ఖాయమైన సైకిలు ప్రమాదకరం కాదు, ఎక్కడికైనా చేర్చగల సైకిలే ప్రమాదకరం.

మన దేశానుభవం ఈ భేదాన్ని మరొక దిశనుంచి ధ్రువపరుస్తుంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా గ్రామీణ స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు నేర్చుకున్న వైనాన్ని పి. సాయినాథ్ తన ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ (1996)లో నమోదు చేశారు. బీహారు ప్రభుత్వం 2006లో ప్రారంభించిన బాలికల సైకిలు పథకంపై కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం (2017) ప్రకారం, ఆ పథకం వల్ల వయసుకు తగిన ఉన్నత పాఠశాల తరగతుల్లో బాలికల చేరిక 32 శాతం పెరిగింది, బాలబాలికల నడుమ ఉన్న వ్యత్యాసం 40 శాతం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు ఇచ్చిన పథకమూ ఈ కోవలోనిదే. ఈ సైకిలు పోతే ఒక బాలిక చదువు పోతుంది.

6. హైదరాబాదు: దుకాణం, దారి

ఇప్పుడు అదే ప్రశ్నను మన నగరానికి వేద్దాం. నా బాల్యంలో సైకిలు షాపు అంటే చెట్టు కింద ఒక పెట్టె, ఒక గాలి పంపు, నీళ్ళ తొట్టి. ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు వచ్చినచోట పంక్చరు గుర్తించేవారు. చక్రానికి వంకర వస్తే పుల్లలు బిగించి బెండు తీసేవారు. గంటకింత అని అద్దె చెల్లించి, సీటు అందక కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాం. హైదరాబాదులో కోఠి దగ్గరి ఇసామియా బజారు వంటిచోట్ల పాత తరహా వ్యాపారం ఇంకా కనిపిస్తుంది. ఆ దుకాణంలో సైకిలు ప్రధానంగా బాగుచేయవలసిన వస్తువు.

కొత్త దుకాణం స్వభావం వేరు. గాజు తలుపుల వెనుక తేలికపాటి ఫ్రేములు, గేర్లు, శిరస్త్రాణాలు, ప్రత్యేక దుస్తులు అమరి ఉంటాయి. లక్ష రూపాయలు దాటే సైకిళ్ళు ఉంటాయి. ఇక్కడ సైకిలు ఎంచుకోవలసిన వస్తువు. ఇందులో తప్పేమీ లేదు. ఆరోగ్యం కోసం, పర్యావరణం కోసం, ఆనందం కోసం తొక్కేవారు పెరగడం నగరానికి మేలే. కాని ఈ దుకాణం పుట్టిన కాలంలోనే ఇంకొక సంగతి జరిగింది. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించింది. 2020లో సరిగ్గా అదే తేదీన, సామాన్యుల సైకిళ్ళు తయారుచేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాదు కర్మాగారం మూతపడింది. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. ఆ సైకిళ్ళలో అత్యధిక భాగం గాజు తలుపుల వెనుకనుంచి వచ్చినవి కావు.

2023 అక్టోబర్ 1న హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర పైకప్పు గల సైకిలు మార్గం ప్రారంభమైంది. దాని మొత్తం పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. పైకప్పు విద్యుదుత్పత్తి సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండకూ వానకూ తడబడకుండా, లారీల భయం లేకుండా తొక్కగల దారి నగరానికి దొరకడం నిస్సందేహంగా విశేషమే. అయితే సెలవు ఉదయాన అక్కడ నిలబడి చూస్తే, కారు వెనుక సైకిలు తగిలించుకొని వచ్చి, తొక్కి, మళ్ళీ కారులోనే వెళ్ళేవారు కనిపిస్తారు. రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి వెళ్ళే వాచ్‌మన్, సైకిలుకు టీ ఫ్లాస్కు కట్టుకొని నిర్మాణ స్థలాలకు తిరిగే మనిషి, తెల్లవారకముందే పత్రికలు వేసే కుర్రాడు మాత్రం తమ దారిలో బస్సులకూ కార్లకూ పక్కకు ఒదుగుతూ పోతున్నారు. వాళ్ళ దారి ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి. ఈ మార్గం వాళ్ళ దారిలో లేదు. విహారానికి దారి వేసి ప్రయాణానికి వేయకపోవడంలో నిషేధం లేదు, దురుద్దేశమూ లేదు. కాని ఫలితం మాత్రం ‘వాజ్దా’ దేశపు ఆ షరతును గుర్తుచేస్తుంది.

ఇక్కడొక ప్రతివాదం ఉంది. స్థోమత గలవారు సైకిలెక్కినప్పుడే పాలకులు సైకిలు దారుల గురించి ఆలోచిస్తారు, ఆ దారులు క్రమంగా అందరికీ ఉపయోగపడతాయి అన్నది దాని సారాంశం. ఇందులో నిజం ఉంది. ఇష్టంతో తొక్కేవారికి గొంతు ఉంది, సంఘం ఉంది, అధికారులను కలిసే వీలుంది. కనుకనే వారు ఏ దారి అడుగుతారన్నది కీలకమవుతుంది. తాము తొక్కే దారిని మాత్రమే అడిగితే, అది స్టేడియం ముందునుంచి సాగిపోయిన పందెగాళ్ళ గుంపే అవుతుంది.

7. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

- ‘బైసికిల్ థీవ్స్’ అవసరపు సైకిలును గురించిన చిత్రం మాత్రమే కాదు. ఇష్టపు సైకిలు దాన్ని చూడకుండా సాగిపోవడాన్ని గురించిన చిత్రం కూడా.
- ‘బ్రేకింగ్ అవే’, ‘జో జీతా వహీ సికందర్’ ఆటలోని సైకిలుకు వర్గ సమానత్వమనే అర్థాన్ని ఇచ్చాయి. ‘తమ్ముడు’ సైకిలును తొలగించడంతో ఆ అర్థం నాయకుడి దేహబలంలో కలిసిపోయింది.
- ‘వాజ్దా’లోని తల్లీకూతుళ్ళ ప్రయాణాలు, ఆ తర్వాత వచ్చిన షరతు కలిసి, వినోదానికి ఇచ్చే అనుమతికీ ప్రయాణానికి ఇచ్చే హక్కుకూ ఉన్న అంతరాన్ని స్పష్టం చేస్తాయి.
- హైదరాబాదు సైకిలు సంస్కృతి ఈ అంతరాన్ని ఇంకా దాటవలసి ఉంది.

సైకిలు చిత్రాలు ప్రదర్శించేవారికి విమర్శకుడుగా చేయగల సూచన ఒక్కటే. చిత్రం ముగిసిన తర్వాత జరిగే చర్చకు, ఆ వీధి చివర పంక్చర్లు వేసే మనిషినీ, ఆ భవనానికి కాపలా కాసే మనిషినీ పిలవాలి. ఆంటోనియో కథను మనకంటె దగ్గరగా చదవగలవారు వాళ్ళు. వాయిదాల మీద ఇంకొకటి కొనుక్కోవచ్చు కదా అని అడిగిన నా విద్యార్థికి ఆ రోజు నేను నియోరియలిజం గురించి చెప్పాను. అది సరైన జవాబు కాదు. బయట గోడకు ఆనించి ఉన్న మా వాచ్‌మన్ సైకిలును చూపించి, అది పోతే రేపు ఆయన డ్యూటీకి ఎలా వస్తాడో వెళ్ళి అడిగి రమ్మనవలసింది.